అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది

కోంట,
సుక్మా జిల్లా, బస్తర్.

ఛత్తీస్‌గఢ్ మాధ్యమిక శిక్షా మండల్ అధ్యక్షుల వారికి,
పెన్షన్‌బాడా, రాయపూర్.



ఈ ఉత్తరం హిందీలో రాయలేక కాదు. ముప్పై ఏళ్లు హిందీలోనే హాజరు పిలిచాను, హిందీలోనే పిల్లల్ని తిట్టాను, హిందీలోనే మీ ఆఫీసుకి ఫారాలు నింపి పంపాను. అయినా తెలుగులో రాస్తున్నాను. ఇది మీ బల్ల మీదికి వచ్చాక మీరు ఎవరినో పిలిచి, ఇదేం లిపి అని అడుగుతారు. గుండ్రంగా ఉంది కదా, తెలుగో కన్నడమో అంటాడతను. తర్వాత చదివిపెట్టేవాడి కోసం వెతుకులాట. దొరికినవాడు తనకొచ్చిన హిందీలో ఏదో చెబుతాడు. వాడు చెప్పిందే నేను రాసిందని మీరు నమ్ముకోవాలి. ఒక పూట పడే ఇబ్బంది. మా దగ్గర పదో తరగతి పిల్లకి ఒకటో తరగతి నుంచీ రోజూ ఇదే పని. అందుకని, కావాలనే తెలుగులో రాస్తున్నాను. పొగరనుకోవద్దు.

మా కోంట మీకు తెలియని ఊరేం కాదు. రాయపూర్ నుంచి జగదల్‌పూర్, అక్కణ్ణించి సుక్మా మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని రాష్ట్రం అయిపోయేదాకా దిగితే వచ్చేదే కోంట. శబరి నదికి అవతల ఒడిశా వాళ్ల మోటు, కిందికి పోతే ఆంధ్రా చింతూరు. బజార్లో బేరం తెలుగు. చుట్టుపక్కల పల్లెల్లో ఇంటి మాట దోర్లి, అంటే తెలుగులో నానిన కోయ అనుకోండి. బడిలో హిందీ. పరీక్షల్లో ఒక పేపరు ఇంగ్లిష్. బీజాపూర్ వైపు భోపాలపట్నం, ఉసూరు కూడా ఇంచుమించు ఇదే బాపతు. ఓరుగల్లు పడిపోయాక కాకతీయుల అన్నమదేవుడు ఇటొచ్చి రాజ్యం కట్టాడని బస్తర్ రాజకుటుంబం చెప్పుకునే కథ మీరూ వినే ఉంటారు. తెలుగు ఇక్కడికి నిన్న మొన్న బస్సెక్కి రాలేదని చెప్పడానికే దాన్ని ఎత్తాను. దోర్లి మాట్లాడే దోర్లావాళ్లనడిగితే ఆ రాజుకి దారి చూపించింది మేమే అంటారేమో కూడా.

ఇక అసలు సంగతికి వస్తాను. ఏటా ఫిబ్రవరి వచ్చేసరికి మా అరుగు మీద నలుగురైదుగురు పదో తరగతి పిల్లలు చేరతారు. రిటైరైనా ఇంగ్లిష్ సారు అన్న పేరు పోలేదు నాకు. ఈసారి వచ్చినవాళ్లలో ఒకమ్మాయి ఉంది. పేరు రాయను. దోర్లా పిల్ల, హాస్టల్లో ఉండి చదువుతోంది. ఇప్పచెట్ల కింద ఆకులు ఊడ్చి నిప్పు పెట్టి, పువ్వు రాలడానికి నేల సిద్ధం చేసుకునే రోజులివి. ఆదివారం ఊరికెళ్లి సోమవారం వచ్చిందంటే ఆ పిల్ల నోటుపుస్తకం కూడా పొగవాసన కొడుతుంది. లెక్కల్లో చురుకు. సైన్సు నెట్టుకొస్తుంది. భయమంతా ఇంగ్లిష్ తోనే. పేపరుకి 75, ప్రాజెక్టుకి 25, వందకి 33 వస్తే గట్టెక్కినట్టు. ఆ గట్టు ఎంత దూరమో చూద్దామని, మీ అమ్మ గురించి నాలుగు ముక్కలు రాయమన్నాను. రాసింది.

'మై మదర్ ఈజ్ గుడ్. ఇట్ గెటప్ ఫోర్ ఓ క్లాక్. ఇట్ గో ఫారెస్ట్. ఇట్ బ్రింగ్ మహువా. మై ఫాదర్ స్లీపింగ్. హి గెటప్ సిక్స్ ఓ క్లాక్.'

మీ దగ్గర పేపర్లు దిద్దేవాళ్లు ఏం చేస్తారో నాకు తెలుసు. నేనూ ముప్పై ఏళ్లు అదే చేశాను. ప్రతి 'ఇట్' చుట్టూ ఎర్రగా ఒక సున్నా. కన్నతల్లిని పట్టుకుని ఇట్ అంటావా అని క్లాసులో నవ్వేవాణ్ణి, నాతోపాటు క్లాసంతా నవ్వేది. నవ్వినవాళ్లందరూ తమ కాగితాల్లో అదే రాసి ఉండేవారన్నది వేరే సంగతి. రిటైరై ఊరికే కూర్చున్నాక గాని నా బుర్రకి తట్టలేదు. ఆ పిల్ల నాన్న దగ్గరికి వచ్చేసరికి 'హి' అని ఎంచక్కా రాసింది చూడండి. అమ్మకి ఇట్, నాన్నకి హి. ఎక్కడా తడబడలేదు. తడబడనిది తప్పెలా అవుతుంది? దాని వెనక ఒక వ్యాకరణం ఉంది. అది ఇంగ్లిష్ వ్యాకరణం కాదు, అంతే.

మా తెలుగులో నాన్న వచ్చాడు. అమ్మ వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. మగవాడొక వరస, తక్కిన లోకమంతా ఒక వరస. ఏకవచనంలో అమ్మకీ ఆవుకీ క్రియ ఒకటే. గోండీ, కోయ, దోర్లి, వీటన్నిటి పద్ధతీ ఇంతే. అమ్మంటే గౌరవం లేక కాదు, వేల ఏళ్లుగా ఆ నాలుకల కట్టుబాటు అది. ఇక హిందీ చూడండి. 'వహ్' అన్నామంటే అమ్మా నాన్నా ఆవూ బస్సూ అన్నీ ఒకే గాటన. తేడా అంతా క్రియలో ఉంది, ఆయా, ఆయీ అని. పైగా అక్కడ రైలుబండి ఆడది, ట్రక్కు మగది, కుర్చీ ఆడది, పంకా మగది. ఎందుకని అడిగితే గురుజీ దగ్గర కూడా జవాబు ఉండదు. ఇంగ్లిష్ దగ్గరికి వస్తే మళ్లీ తిరగబడింది. క్రియకి ఆడా మగా లేదు, హి, షి, ఇట్ అని సర్వనామం మాత్రం మూడు ముక్కలు. మూడు భాషలు లోకాన్ని మూడు రకాలుగా పంచుకున్నాయి. మనమేమో మొదటి పంపకం నుంచి మూడో పంపకానికి పోవాల్సిన పిల్లని, దారిలో రెండో పంపకం అంతా మోసుకుని రమ్మంటున్నాం.

ఇంకొంచెం విప్పి చెబుతాను, కోపగించుకోకండి. హిందీ మీడియం బళ్లలో టెన్సులు చెప్పే పద్ధతి మీకు నేను చెప్పాలా? హిందీ వాక్యం చివర 'తా హై, తీ హై, తే హై' వస్తే ప్రెజెంట్ ఇండెఫినిట్. 'రహా హై' వస్తే కంటిన్యువస్. 'చుకా హై' వస్తే పర్‌ఫెక్ట్. దీన్ని పహచాన్ అంటారు, అంటే ఆనవాలు. ప్రతి గైడులోనూ డబ్బా కట్టి అచ్చేస్తారు. దుర్గ్ పిల్లవాడికి, రాజ్‌నాంద్‌గావ్ పిల్లవాడికి బ్రహ్మాండమైన చిట్కా, కాదనను. ఆ 'తా హై' వాడి చెవిలో ముందే ఉంది. మా పిల్ల చెవిలో ఉన్నది 'అమ్మ అడవికి పోతది'. ఈ 'పోతది' రోజూ పోవడానికీ సరిపోతుంది, రేపు పోబోవడానికీ సరిపోతుంది. దీన్ని ఇంగ్లిష్‌లో పెట్టాలంటే పిల్ల ఏం చేయాలి? ముందు హిందీలోకి మార్చాలి. 'జాతా హై' అనాలా, 'జాయేగా' అనాలా? అది తేలాక, అమ్మ కాబట్టి 'తా' కాదు 'తీ'. అది సర్దుకున్నాక గైడులో డబ్బా గుర్తు తెచ్చుకోవాలి. అన్నీ అయ్యాక చివరికి రాయాల్సింది 'గోస్'. అందులో ఆడా లేదు, మగా లేదు. 'తీ' కోసం పడ్డ పాటంతా బూడిదలో పోసిన పన్నీరు. కోంట నుంచి చింతూరు పోయేవాణ్ణి జగదల్‌పూర్ బస్సెక్కించినట్టుంది ఈ వ్యవహారం.

ఆ మధ్యాహ్నం హిందీ పక్కన పెట్టేశాను. "పోతది అంటే రోజూనా, రేపా?" అని తెలుగులోనే అడిగాను. "రోజూ" అంది. "అయితే గోస్. రేపైతే?" "విల్ గో." అరగంటలో ముప్పై వాక్యాలు చేసింది. తర్వాత అమ్మ సంగతి. "మనిషేనా?" "మనిషే." "ఆడమనిషా?" "ఆడమనిషే." "ఆడమనిషైతే షి. ఆవుకీ బస్సుకీ ఇట్." పిల్ల కాసేపు ఆలోచించి, "ఇంగ్లిషోళ్లకి ఆడోళ్లు వేరే లెక్కా సారూ?" అంది. అవును తల్లీ, వేరే లెక్కే అన్నాను. ముప్పై ఏళ్ల సర్వీసులో ఈ ఒక్క ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అడిగే సందు నేనివ్వలేదు.

మాష్టర్లని తప్పుపట్టడానికి కూర్చోలేదు నేను. మైదానం నుంచి వచ్చిన కుర్రమాష్టర్లు కొందరు పిల్లల దగ్గరే 'రా, కూర్చో, చెప్పు' నేర్చుకుని నెట్టుకొస్తున్నారు. వాళ్లకి దోర్లి ఎవరు నేర్పారు? చిన్న తరగతుల కోసం గోండీ, హల్బీ, భత్రీ లాంటి భాషల్లో పుస్తకాలు వేశారు, మంచి పని. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి ఉండాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెప్పనే చెబుతోంది. ఆ వసతి ఐదో తరగతి గడప దగ్గర ఆగిపోతుంది. పదో తరగతి పిల్ల నోట్లో మాత్రం అమ్మ భాష ఆగదు కదా. 2020లో మొదలైన స్వామి ఆత్మానంద్ ఇంగ్లిష్ మీడియం బళ్లున్నాయి అంటారా? సీట్లకి లాటరీ తీస్తారు. లాటరీ తగలనివాళ్ల సంగతే నేను రాస్తున్నది.

ఆ పిల్ల పెద్దన్న సంగతి కూడా ఒక మాట చెప్పాలి. 2005లో మావోయిస్టులకి వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక మా వైపు ఊళ్లకి ఊళ్లే లేచిపోయాయి. బడి కట్టడాల్లో కొన్నిటిని మావోయిస్టులు పేల్చేశారు, కొన్నిట్లో బలగాలు దిగాయి. బడుల్లోంచి బలగాలు బయటికి రావాలని సుప్రీంకోర్టు 2011లో ఆదేశించింది. మా సుక్మా జిల్లా జగర్‌గుండలో బడి మళ్లీ తెరుచుకునేసరికి 2019 వచ్చింది. ఈ గొడవలో ఆ కుటుంబం సరిహద్దు దాటి ఖమ్మం జిల్లాలో తలదాచుకుంది. ఆ అన్న అక్కడ మూడేళ్లు తెలుగు బళ్లో దిద్దాడు. తిరిగొచ్చాక వెదురు తడికెల పోటాకేబిన్ బళ్లో వేశారు. తెలుగు గుడి దీర్ఘం పెట్టే చేత్తో హిందీ మాత్రలు పెట్టలేక ఎనిమిదిలో మానేశాడు. ఇప్పుడు చెల్లెలి ఇంగ్లిష్ గైడుకి డబ్బులిచ్చింది వాడే, మిర్చి కూలీ డబ్బులు.

మిర్చి అన్నాను కాబట్టి అటు కూడా పోవాలి. జనవరి దాటిందంటే బస్తర్ పల్లెల నుంచి సరిహద్దు అవతల తెలంగాణలోని చర్ల, వెంకటాపురం, వాజేడు మిరపతోటలకి మనుషులు ట్రాక్టర్లలో, జీపుల్లో దిగుతారు. కోతలు ఏప్రిల్ దాకా. మీ టైంటేబులు చూస్తే బోర్డు పరీక్షలు ఫిబ్రవరి ఆఖర్లోనో మార్చిలోనో. మిరప పండేది అప్పుడే, ఇప్ప రాలేది అప్పుడే, పరీక్ష వచ్చేది అప్పుడే. తల్లి మిర్చికి పోతే పెద్దపిల్ల తమ్ముణ్ణి చూసుకోవాలి, లేదా తనూ బుట్ట పట్టుకుని పోవాలి. 2020 లాక్‌డౌన్‌లో ఆ తోటల నుంచి కాలినడకన ఇంటికి బయల్దేరిన 12 ఏళ్ల పాప ఇల్లు చేరకుండానే దారిలో చనిపోయింది. ఆ వార్త దేశమంతా చదివింది, మీరూ చదివే ఉంటారు. ఇది ఎక్కడైనా అచ్చయితే చదివే చర్ల, వెంకటాపురం రైతు సోదరులకి ఇక్కడే ఒక మాట: ట్రాక్టర్ పంపేటప్పుడు పదో తరగతి పిల్లని ఎక్కించుకోవద్దని మేస్త్రీకి చెప్పండి. మీ ఇంట్లోనూ ఆ ఈడు పిల్ల ఉంటుంది, దాన్ని మార్చిలో మీరు తోటకి పంపరు.

గైడుల్లో సెలవు అప్లికేషన్ చూశారా? ఏ గైడు తిప్పినా రెండే కారణాలు, జ్వరం లేకపోతే అక్క పెళ్లి. మా పిల్ల రెండూ బట్టీ కొట్టింది. ఏడాదంతా ఎన్నిసార్లు బడి మానావు, ఎందుకు మానావు అని అడిగాను. జ్వరానికి మానలేదట. అమ్మ మిర్చికి పోతే ఐదు రోజులు మానిందట. "అదే రాయి" అన్నాను. "అట్లాంటివి రాస్తే మార్కులేస్తారా?" అంది. వెయ్యకపోతే నేను రాయపూర్‌కి ఉత్తరం రాస్తానులే అన్నాను. అదుగో, అలా మొదలైంది ఈ ఉత్తరం. ఆ పిల్ల రాసింది ఇదీ, ఉన్నదున్నట్టు.

'సర్, ఐ వాంట్ లీవ్ ఫైవ్ డేస్. మై మదర్ గోస్ టు చర్ల ఫర్ మిర్చి. మై బ్రదర్ ఈజ్ స్మాల్. హూ విల్ కుక్? షి విల్ కమ్ ఆన్ సాటర్డే.'

ఎవరి గైడులోనూ లేని అప్లికేషన్. 'హూ విల్ కుక్' అన్న చోట నాకు కాసేపు నోట మాట రాలేదు. 'గోస్' ఉంది, 'షి' ఉంది, రేపటి సంగతికి 'విల్' ఉంది. గ్రామర్ పుస్తకంలో మూడు అధ్యాయాలు ఐదు వాక్యాల్లో ఇమిడిపోయాయి.

మిమ్మల్ని పెద్దగా అడగబోవడం లేదు. మా పక్కన ఆంధ్రప్రదేశ్ బోర్డు పదో తరగతి పరీక్షని తెలుగు, ఇంగ్లిష్ తోనే సరిపెట్టుకోదు. ఉర్దూ, హిందీ, కన్నడ, తమిళ, ఒడియా మాధ్యమాల్లో కూడా పెడుతుంది. సరిహద్దు ఊళ్లున్న రాష్ట్రం అన్నాక ఆ తంటాలు తప్పవు మరి. మీరూ దోర్లి మీడియం పెట్టండి అంటే రేపొద్దున్న అయ్యే పని కాదని నాకు తెలుసు. నేనడిగేది మీ 25 మార్కుల గురించి. ప్రాజెక్టు మార్కులు. ఇవాళ వాటి గతేమిటో బడులకీ తెలుసు, స్టేషనరీ కొట్లకీ తెలుసు. చార్టు కొనాలి, పొల్యూషన్ మీదో కంప్యూటర్ మీదో వ్యాసం ఎక్కించాలి, చుట్టూ స్కెచ్ పెన్నుతో పువ్వులు వేయాలి. అడవి మధ్య పుట్టిన పిల్ల చెట్ల ఉపయోగాలు గైడు చూసి రాస్తుంది. ఇప్ప, తునికి, చింత, సారపప్పు, అడ్డాకు, ఏది ఏ నెలలో ఎంతకి పోతుందో నోటికి చెప్పగలిగిన పిల్లకి ఆ వ్యాసంలో వీటిలో ఒక్క పేరూ దొరకదు.

ఆ 25 మార్కులకి బస్తర్ బడుల్లో ఒక వెసులుబాటు ఇవ్వండి. ఇంట్లో అవ్వ చెప్పిన కథో, సంతలో విన్న బేరమో, అమ్మ దినచర్యో, దాన్ని పిల్ల తన మాటలో చెప్పాలి. బడిలో వాడే లిపిలో రాసుకోవాలి. పక్కనే నేరుగా ఇంగ్లిష్‌లో పెట్టాలి. మధ్యలో హిందీ గుండా పోవాల్సిన పని లేదు. మార్కులు వేసేది ఎలాగూ ఆ బడి మాష్టరే, కాబట్టి రాయపూర్‌లో దోర్లి వచ్చిన పరీక్షకుడు కావాలన్న బెంగ లేదు. మాష్టరుకి దోర్లి రాకపోతే, ఆ సాకుతో ఆయనా నాలుగు ముక్కలు నేర్చుకుంటాడు. మీరు పంపే బ్లూప్రింట్‌లో ఒక పేరా కలిపితే సరిపోతుంది, బడ్జెట్ అక్కర్లేదు. ఇంకొకటి. పేపర్లు దిద్దేవాళ్లకి మీరిచ్చే సూచనల్లో, అమ్మకి ఇట్ అని రాసిన పిల్ల సంగతి ఒక వాక్యం వేయించండి. పూర్తి మార్కు వేయమనను. అర మార్కు కోసేటప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిన తప్పో తెలిసి కొయ్యమనండి.

2024 నుంచి ఏడాదికి రెండు పరీక్షలు పెట్టారు. దానికి నా తరఫున దండం. మెట్రిక్‌లో ఇంగ్లిష్ తప్పి సప్లిమెంటరీ రాసినవాణ్ణి నేను. అప్పట్లో మాది మధ్యప్రదేశ్, జిల్లా బస్తర్, కేరళ కన్నా పెద్ద జిల్లా. ఆ రెండో అవకాశం లేకపోతే నేను మాష్టర్ని అయ్యేవాణ్ణి కాదు. కానీ ఒక చిక్కుంది. 2025లో పదో తరగతి ఉత్తీర్ణత 76.53 శాతం అని మీరే ప్రకటించారు. నలుగురిలో తప్పిన ఆ ఒక్కరు రెండోసారి రాయడానికి చదువుకోవాలి కదా. ఎండాకాలం హాస్టళ్లకి తాళం పడుతుంది. పిల్ల ఊరికి పోతుంది, తునికాకు కోతకి పోతుంది. పుస్తకం తీసి కూర్చోబెట్టేవాళ్లుండరు. హాస్టళ్లు మీ చేతిలో లేవని తెలుసు. చేతిలో ఉన్నవాళ్లకి ఒక కాగితం రాయండి. మీరు రాస్తే అది మామూలు ఉత్తరంలా ఉండదు, పైగా హిందీలో ఉంటుంది, వెంటనే చదువుతారు.

జగర్‌గుండకి ప్రశ్నపత్రాలు హెలికాప్టర్‌లో పంపిన రాష్ట్రం మనది. ఆ వార్త చూసి మా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను. అంత దూరం ఎగిరొచ్చిన ఇంగ్లిష్ పేపరు విప్పాక, పిల్ల ముందున్న మొదటి నిమిషాలు ఎలా గడుస్తాయో ఊహించండి. తొమ్మిదింటికి హాల్లోకి పోతుంది, తొమ్మిదింబావుకి రాయడం మొదలు. ఆ కాస్త వ్యవధిలో ఇంగ్లిష్ ముక్కని హిందీలోకి, హిందీని తన మాటలోకి దింపుకుని, జవాబుని మళ్లీ అదే మెట్లెక్కించి తీసుకుపోవాలి. పన్నెండుంబావు దాకా అదే ఎక్కడం, దిగడం.

రాయపూర్‌లో తెలుగువాళ్లకి కరువు లేదు. రైళ్ల పనికి వచ్చి రాయపూర్, బిలాస్‌పూర్‌లలో, ఉక్కు కర్మాగారం పనికి వచ్చి భిలాయ్‌లో తరాలుగా ఉన్నారు. ఒకరిని పిలిపించి ఈ ఉత్తరం చదివించుకోండి, చాయ్ ఇప్పించండి. చదువుతూ చదువుతూ 'అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది' అన్న చోటికి వచ్చినప్పుడు ఆయన్ని ఆపి, దీన్ని హిందీలో చెప్పకుండా తిన్నగా ఇంగ్లిష్‌లో చెప్పమనండి. వెంటనే చెబుతాడా, నోట్లో ముందు హిందీ తిప్పుకుంటాడా, గమనించండి.

ఇట్లు,
కోంట నుంచి ఒక రిటైర్డ్ ఇంగ్లిష్ మాష్టరు